సామ్ విల్సన్ గతం: ఏ కథ మేలు?

1969లో మార్వెల్ వారి కామిక్స్ పత్రిక 'కెప్టెన్ అమెరికా' 117వ సంచికలో రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జీన్ కోలన్ నల్లజాతి సూపర్‌హీరో ఫాల్కన్‌ను, అంటే సామ్ విల్సన్‌ను పరిచయం చేశారు. అంతకు మూడేళ్ల ముందే మరో నల్లజాతి వీరుడు బ్లాక్ పాంథర్ వచ్చినప్పటికీ అతడు ఊహాకల్పితమైన ఒక ఆఫ్రికా దేశానికి రాజు. సామ్ అలా కాదు. న్యూయార్క్‌లోని హార్లెమ్ వాడు, ఆ తరువాతి సంచికల్లో అక్కడి పేదల మధ్య సోషల్ వర్కర్‌గా పనిచేసినవాడు. 1971 నుంచి పత్రిక శీర్షికలోనే కెప్టెన్ అమెరికా పేరు పక్కన అతని పేరు కూడా వచ్చింది.

1975లో, స్టీవ్ ఎంగిల్‌హార్ట్ కథాంశంతో వచ్చిన 186వ సంచిక ఈ గతాన్ని తలకిందులు చేసింది. సామ్ అసలు పేరుమోసిన ముఠా మనిషి 'స్నాప్' విల్సన్ అనీ, కెప్టెన్ అమెరికా శత్రువు, నాజీ అయిన రెడ్ స్కల్, కోరినదాన్ని నిజం చేసే కాస్మిక్ క్యూబ్ శక్తితో అతని మనసును మార్చి, కెప్టెన్ అమెరికాకు నచ్చే ఆదర్శవంతుడిగా తయారుచేశాడనీ అందులో చెప్పారు. ఆడంబరమైన దుస్తులూ, వీధి రౌడీ మాటతీరూ గల ఆ స్నాప్, నల్లజాతి యువకుడంటే నేరస్థుడేనన్న పాత ముద్రకు అచ్చమైన నమూనా.

నల్లజాతి వీరుడికి జైలు గతం ఉండటమే తప్పని నేను అనను. 1972లో వచ్చిన ల్యూక్ కేజ్‌ను చూడండి. అతని అసలు పేరు కార్ల్ లూకస్. హార్లెమ్ ముఠాల్లో తిరిగిన అతణ్ని అతని స్నేహితుడే హెరాయిన్ కేసులో ఇరికిస్తాడు. చేయని నేరానికి జైలుకు వెళ్లిన అతడు అక్కడ జాత్యహంకారి అయిన కాపలాదారు చేతిలో హింసపడి, ఒక వైద్య ప్రయోగంలో బలం పొంది బయటపడతాడు. ఇందులోనూ మూసలు లేకపోలేదు. అయినా అన్యాయం చేసిందెవరో, దాన్ని ఎదిరించిందెవరో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. కేజ్ మంచితనం కేజ్‌దే. స్నాప్ కథలో నేరం సామ్‌ది, మంచితనం మాత్రం నాజీ పెట్టిన భిక్ష. నాకు అన్నిటికన్నా అవమానకరంగా తోచేది ఇదే. పక్కనే, 1977లో టోనీ ఇసబెల్లా, ట్రెవర్ వాన్ ఈడెన్ సృష్టించిన బ్లాక్ లైట్నింగ్ అనే నల్లజాతి వీరుడు ఒక బడిపంతులు, ఒలింపిక్ క్రీడాకారుడు. గౌరవం అతనికి ఎవరూ దానం చేయనక్కరలేకపోయింది.

ఈ మచ్చను చెరపడానికి రెండు గట్టి ప్రయత్నాలు జరిగాయి. 1980ల తొలినాళ్లలో రచయిత జె.ఎం. డిమాటైస్ స్నాప్ ఉనికిని కొట్టిపారేయకుండానే, దాని వెనుక ఒక దుఃఖాన్ని చూపాడు. మతబోధకుడైన తండ్రినీ, తరువాత తల్లినీ హత్యల్లో కోల్పోయిన సామ్ లోపల విరిగిపోయి స్నాప్‌గా మారాడని చెప్పాడు. అంటే మంచితనమే మొదటిది, నేరం నడుమ వచ్చినది. మనిషి కథగా ఇది ఎంతో లోతైనదే. కాని 1975 నాటి నిందను నిజమేనని ఒప్పుకున్నాకే ఓదార్పు పలుకుతుంది.

2014లో సామ్ స్వయంగా కెప్టెన్ అమెరికా అయ్యాక వచ్చిన కథలు వేరే దారి పట్టాయి. స్నాప్ గతమే రెడ్ స్కల్ నాటిన అబద్ధపు జ్ఞాపకమని తేల్చాయి. నల్లవాడిని నేరస్థుడిగా ఊహించుకున్నది ఒక నాజీ మనసు అన్నమాట. ఆ ముద్ర ఎవరిదో వారి ఖాతాలోనే చేరింది. డిమాటైస్ చేసిన దానికంటే సాహిత్యపరంగా ఇది పలుచనిదే కావచ్చు, ఎందుకంటే పతనమై తిరిగి లేచే మనిషి కథ దీనితో పోయింది. అయినా ఈ రెండింటిలో నేను దీనికే మొగ్గుతాను. ఆ పతనాన్ని సామ్ జీవితం కోరలేదు. ఆరేళ్ల పాటు సోషల్ వర్కర్‌గా, వీరుడిగా నిలిచిన పాత్ర మీద దాన్ని బయటి నుంచి తెచ్చి రుద్దారు.

అదే 2014 నాటి సినిమా 'కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్' స్నాప్ ఊసే ఎత్తలేదు. తెర మీది సామ్ వైమానిక దళంలో పనిచేసి వచ్చి, మాజీ సైనికుల మానసిక గాయాల గురించి వారితో మాట్లాడుతూ తోడుగా నిలిచే మనిషి. హార్లెమ్ చాలావరకు మరుగున పడిన మాట నిజమే. కాని ఆ సోషల్ వర్కర్ స్వభావం వేరే ఉద్యోగంలో బతికే ఉంది, అది ఎవరూ అతనికి పెట్టిన భిక్షా కాదు.