కొబ్బరాకు బూర: పీక పచ్చిగా ఉన్నంతసేపూ దీనికి సాటి లేదు

మా పిల్లలకి దసరా సెలవుల్లో ఇంట్లో చేసిపెట్టే ఆటవస్తువుల్లో నాకు ప్రాణం కొబ్బరాకు బూర. అదే ఆకుతో గాలిపంకా, వాచీ కూడా చేస్తాం. ఒక పూట ఆడి పారేస్తారు. ఏటా మళ్లీ మళ్లీ అడిగేది మాత్రం బూరే. ఆకుని గొట్టంలా చుట్టి, సన్న కొసన మడిచిన ఆకుముక్క దోపుతాం. ఊదితే పలికేది ఆ ముక్కే, దాన్నే పీక అంటాం. ఎలా చుట్టాలో కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు కాబట్టి ఆ వివరం వదిలేస్తున్నాను.

దీని గొప్పంతా శబ్దంలో ఉంది. తీర్థంలో కొన్న ప్లాస్టిక్ బూర ఎంత ఊదినా ఒకటే కూత. దీనికి ఇంకో ఆకు కలిపి గొట్టం పొడుగు చేస్తే గొంతు లావవుతుంది, చివర ఆకు తీసేస్తే సన్నబడుతుంది. ఈ కిటుకు మావాడు ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. చెల్లెలికి పొట్టిది, తనకి పొడుగుది చుట్టి, అరుగు మీద కూర్చుని ఒకళ్ల తరవాత ఒకళ్లు ఊదుతుంటే నేను వంటింట్లో పని ఆపి విన్నాను.

బూర తొందరగా ఎండిపోతుందని అందరూ అనేదే. ఎండాకాలంలో అయితే గంటలో పీక బిగుసుకుపోతుంది. ఆశ్వయుజంలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి కాస్త నయం. అయినా ఒక అట్లతద్దికి మాకు టెన్షన్ తప్పలేదు. తెల్లారుజామున ఊదాలని మా అమ్మాయి ముందురోజు మధ్యాహ్నమే పెద్ద బూర చుట్టించుకుని, తలగడ పక్కనే పెట్టుకు పడుకుంది. చీకటితో లేచి, గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని వీధిలోకి పరిగెత్తింది. ఊదితే ఉత్త గాలి. వీధిలో పిల్లలంతా ఉయ్యాల దగ్గరకి వెళ్లిపోతుంటే అది గుమ్మంలోనే నిలబడి ఏడుపు. నేను కొత్త ఆకు కోసం చీకట్లో దొడ్లోకి వెళ్లబోతుంటే పక్కింటి మామ్మగారు ఆపారు. "బూరకేమయిందే అమ్మడూ, పీకొక్కటే ఎండింది. ఇలా తే" అంటూ, గుమ్మానికి కట్టిన కొబ్బరాకులోంచి పచ్చిగా ఉన్న ముక్క తుంచి, మడిచి, కొసన దోపి ఇచ్చారు. గొట్టం అదే, వడిలి రంగు మారినదే. శబ్దం మాత్రం వీధి చివరిదాకా వినపడింది! అప్పటినుంచీ మేం బూర దాచం, పీకలు దాస్తాం. నాలుగు ముక్కలు తడిగుడ్డలో చుట్టి పెడితే మర్నాటికీ పలుకుతాయి.

పైసా ఖర్చు లేని ఆట అని మా చుట్టాలందరికీ చెప్పేదాన్ని. అది నిజమే గానీ, ఆకు ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. పచ్చి మట్ట కొడితే కాపు తగ్గుతుందని మా మావయ్యగారు ఒప్పుకోరు. కాయలు దింపేవాళ్లు వచ్చినప్పుడు పడిన మట్టో, చేతికందే చిన్న చెట్టు కింది ఆకులో చూసుకోవాలి. ఇంకో సంగతి, 2016 తరవాత మన తోటలకి పట్టిన తెల్లదోమ. దాని జిగురు మీద నల్లగా మసి పడుతుంది. వానలు గట్టిగా కురిస్తే దోమ తగ్గుతుంది, మసి కూడా కొంత కొట్టుకుపోతుంది. కానీ నోట్లో పెట్టుకునేది కదా, మా చిన్నప్పటిలా చెట్టునించి తుంచి నేరుగా ఊదడం ఇప్పుడు నేను ఒప్పుకోను. ఆకు రెండు వైపులా కడిగి తుడిచాకే పిల్లల చేతికి. మందు కొట్టిన తోటలోది అసలు తీసుకోను.

మరీ చిన్నపిల్లలకి ఇవ్వొద్దు. వెడల్పు కొసన గుచ్చే ఈనెపుల్ల కంటికి తగిలే ప్రమాదం ఉంది. మా ఇంటి చుట్టూ చేలే కాబట్టి ఎంత ఊదినా అడిగేవాళ్లు లేరు. రాజమండ్రిలో అపార్ట్‌మెంట్‌లో ఉండే మా ఆడపడుచు వీటిని రెండు పట్టుకెళ్లింది గానీ, పసిబిడ్డ ఉన్న ఎదురింటివాళ్ల కోసం మేడ మీదే ఊదనిస్తోంది. మీకు దొడ్లో చెట్టు, కాస్త దూరంగా ఇరుగుపొరుగు ఉంటే ఈ సెలవులకి చేసివ్వండి, పీకకి ఆకు మాత్రం నాలుగు ముక్కలు ఎక్కువే కోసుకోండి.