"సీల్డ్ బాక్స్" స్నో బ్లోవర్: బఫెలో (న్యూయార్క్) తెలుగువాళ్ళు జాగ్రత్త!

మన ఊరి తెలుగు గ్రూపులో నవంబరు రాగానే "ఒక్కటే పీస్, ముందొచ్చిన వాళ్ళకే" అని పోస్టులు పెట్టే మహానుభావుడు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. పోయిన వారం ఆయనకే 450 డాలర్లు సమర్పించుకుని బ్యాటరీ స్నో బ్లోవర్ (మంచు ఎగజిమ్మే మిషన్) తెచ్చుకున్నాను. 56 వోల్టులు, 21 అంగుళాల వెడల్పు, సింగిల్ స్టేజ్ (మంచు గీకేవీ, విసిరేవీ ఒకే రెక్కలు). "విప్పనే లేదు అన్నా, ఇల్లు మారుతున్నాం, అందుకే ఇస్తున్నా" అన్నాడు. బాక్స్ మీద పాత టేపు, దాని మీద కొత్త టేపు. కళ్ళారా చూశాను. మనవాడే కదా, అడిగితే ఏమనుకుంటాడోనని ఊరుకున్నాను. కుండ కొన్నా వేలితో కొట్టి చూసే అమ్మ కడుపున పుట్టాను నేను!

ఈ రోజు తెల్లవారి లేచేసరికి లేక్ ఎఫెక్ట్ (సరస్సు మీదుగా వచ్చే చలిగాలి కురిపించే మంచు) పుణ్యమా అని అడుగు మంచు. డ్రైవ్‌వే మీదున్నది పొడి మంచు కాబట్టి దూదిలా ఎగిరింది. సిగ్గు లేకుండా మా ఆవిడతో వీడియో కూడా తీయించుకున్నాను. అసలు కథ డ్రైవ్‌వే చివర. ప్లౌ ట్రక్కు పోతూ పోతూ రోడ్డు మీది మంచంతా మన వాకిటి ముందు గట్టు కట్టిపోతుంది కదా, ఉప్పు కలిసి ముద్దయిన మంచు. అందులోకి తోయగానే రెండుసార్లు దగ్గి, ఎర్ర లైటు వెలిగి ఆగిపోయింది. మొదలుపెట్టి 9 నిమిషాలు. ఫుల్ ఛార్జ్ చేసి, రాత్రంతా వంటింట్లో వెచ్చగా పడుకోబెట్టిన బ్యాటరీ అది!

కోపంలో, బ్యాటరీ తీయకుండానే ఇరుక్కున్న మంచు లాగడానికి చెయ్యి పెట్టబోయాను. మా ఆవిడ అరిచిన అరుపుకి వేళ్ళు మిగిలాయి.

పక్కింటి పెద్దాయన వచ్చి మిషన్‌ని వెనక్కి వంచి, టార్చి వేసి చూపించాడు. మంచు గీకే రబ్బరు రెక్కల అంచులు అరిగి, ఒకచోట చిరిగి వేలాడుతున్నాయి. సందులో ఎండిన మేపుల్ ఆకు, మట్టితో సహా. సీల్డ్ బాక్స్‌లో ఆకు ఫ్రీ అన్నమాట! ఆ గట్టుని ఆయనే తన పాత పెట్రోలు టూ స్టేజ్ మిషన్‌తో (గీకడానికి ఒకటి, విసరడానికి ఇంకొకటి ఉంటాయి) పది నిమిషాల్లో తీసిపెట్టాడు.

అప్పుడు చేశాను ఫోన్. మూడోసారికి ఎత్తాడు. "మీకు వాడటం రాదేమో అన్నా. అమెరికాకి కొత్తగా వచ్చారా?" పదకొండేళ్ళుగా ఇక్కడే మంచు ఎత్తుతున్నాను బాబూ! రబ్బరు అరిగిపోయిందయ్యా అంటే, "మంచులో దింపాక అది యూజ్డే కదా. మీ దగ్గర అరిగిందో నా దగ్గర అరిగిందో ఎవరు చూశారు?" అన్నాడు. వెనకాల మిక్సీ తిరుగుతోంది. ఇల్లు మారుతున్నవాడు తీరిగ్గా చట్నీ చేసుకుంటున్నాడు, నా డబ్బుతో! "450 డాలర్లకి పొద్దున్నే ఇంత గోల చేస్తారా, మీరూ చదువుకున్నవాళ్ళే కదా" అని పెట్టేశాడు. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి కూడా తీసేశారు. అడ్మిన్ ఎవరి బావమరిదో కూడా మీకు తెలుసు.

కంపెనీకి సీరియల్ నంబర్ చెబితే 2021లోనే ఎవరి పేరు మీదో రిజిస్టర్ అయిందట. బ్యాటరీ వారంటీ మూడేళ్ళే, అదీ మొదట కొన్నవాళ్ళకే. ఫోన్‌లో పంపిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుని అడిగితే "మీరే పంపారు కదా" అన్నారు. నిజమే, నా వేలితోనే నొక్కాను.

కొనేవాళ్ళు ముందు సీరియల్ నంబర్ అడగండి, మిషన్ వంచి రబ్బరు చూడండి, అక్కడే ఆన్ చేయించండి. రసీదు లేకపోతే వదిలేయండి. ఇరుక్కుంటే బ్యాటరీ తీసి, కర్రతోనే తీయండి, చెయ్యి పెట్టకండి.

రాత్రికి మళ్ళీ 6 అంగుళాలట. పార గరాజ్‌లో ఎక్కడుందో వెతకాలి.