ఫెయిర్‌ఫీల్డ్ చుట్టు: నీడ లేని 17 కిలోమీటర్లు

ఫెయిర్‌ఫీల్డ్ కొండ మీద నీళ్లు దొరకవు. వసతి, బస్సు, టీ కొట్టు, దారి, దృశ్యాలు వంటి మిగతా వివరాలన్నీ ఈ మాట తర్వాతే. వేసవిలో వెళ్లేవాళ్లు మొదట గుర్తుంచుకోవలసింది ఇదొక్కటే.

ఇంగ్లండు వాయవ్యాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆంబుల్‌సైడ్ ఊరి నుంచి బయలుదేరి, రైడల్ లోయను లాడం ఆకారంలో చుట్టుకుని మళ్లీ అక్కడికే చేరే కొండ వెన్ను నడకను ఫెయిర్‌ఫీల్డ్ హార్స్‌షూ అంటారు. దూరం దాదాపు 17 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1,000 మీటర్లకు పైనే. ఈ ప్రాంతపు కొండల మీద గైడ్ పుస్తకాలు రాసిన వెయిన్‌రైట్ ఎంచిన 214 కొండల్లో ఎనిమిది ఈ ఒక్క చుట్టులోనే వస్తాయి. కొండలు ఎక్కిన లెక్క రాసుకునేవాళ్లకు ఇంతకన్నా లాభసాటి బేరం ఉండదు.

మేం వెళ్లింది 2025 జూలైలో, వాతావరణ శాఖ 30 డిగ్రీలు అన్న రోజున. నేను, మా ఆవిడ, గుంటూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు. అన్నయ్యకు ఆ అంకె వినగానే నవ్వొచ్చింది. "ఏరా, దీన్ని కూడా ఎండంటారా? మాకు సంక్రాంతికి ఉంటుంది ఇంత" అన్నాడు. అబద్ధం కాదు. రెంటచింతల వైపు నుంచి వచ్చినవాడికి 30 డిగ్రీలను ఎండగా చూపించడం ఎవరి తరం కాదు.

లండన్ యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే ఆక్సెన్‌హోమ్‌లో దిగి, చిన్న శాఖా మార్గం మీద విండర్‌మియర్ చేరాలి. ఈ మార్గం వేయవద్దని కవి వర్డ్స్‌వర్త్ 1844లో గట్టిగా పోరాడాడు. జనం విరగబడి వచ్చి కొండల ప్రశాంతత చెడగొడతారని ఆయన భయం. రైలు 1847లో వచ్చింది, జనమూ వచ్చారు. వేసవి శనివారం విండర్‌మియర్ బస్టాపులో నిలబడితే ఆయన భయం ఎంత నిజమో తెలుస్తుంది. స్టేషన్ ముందు నుంచే 555 నంబరు బస్సు ఆంబుల్‌సైడ్, రైడల్, గ్రాస్‌మియర్ మీదుగా కెజిక్ వెళుతుంది. ప్రభుత్వం పెట్టిన పరిమితి వల్ల ఒక వైపు టికెట్ 3 పౌండ్లు దాటలేదు. కారు తెచ్చుకుంటే ఆంబుల్‌సైడ్‌లో పార్కింగ్‌కే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. నా ఓటు బస్సుకే.

బస సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మేం దిగిన అతిథి గృహం రాత్రికి 120 పౌండ్లకు పైనే తీసుకుంది. పాత రాతి ఇల్లు, శుభ్రమైన పక్కలు, మర్యాదైన మాటలు. కానీ మాకిచ్చింది పైకప్పు కింద అటక గది. రోజంతా కాగిన పలకరాయి కప్పు రాత్రి పదకొండైనా చల్లారలేదు. కిటికీ జానెడు మాత్రమే తెరుచుకుంటుంది. ఫ్యాను లేదు. ఏసీ మాట అడగనే అక్కర్లేదు, ఈ దేశంలో ఇళ్లు కట్టింది వేడి లోపల నిలవడానికే. బల్ల మీద పెట్టే చిన్న ఫ్యాను ఉందా అని అడిగితే, "మాకు ఇలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో" అని చిరునవ్వుతో చెప్పారు. నిజానికి ఆ రెండో మూడో రోజులు ఇప్పుడు పెరుగుతున్నాయి. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్‌లో ఉష్ణోగ్రత 40 దాటడం అదే మొదటిసారి. అతిథి గృహాల వాళ్లు టేబుల్ ఫ్యానులు కొనుక్కోవలసిన కాలం వచ్చింది.

పైగా అద్దెలో కలిసి ఉన్న అల్పాహారం ఎనిమిదిన్నరకు గాని మొదలవదు. పొద్దున్నే వెళ్లాలి, ఏదైనా కట్టివ్వమంటే ఒక ఆపిల్, రెండు బిస్కెట్ల పొట్లం తలుపు దగ్గర పెట్టారు. వేసవిలో ఈ నడకకు వచ్చేవాళ్లకు నేను సూచించేది వాటర్‌హెడ్‌లో సరస్సు ఒడ్డునే ఉన్న వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టల్. అక్కడ వంట మనమే చేసుకునే వీలుంది. ఏ వేళకు వెళ్లాలన్నా అన్నం వండుకుని పులిహోర కలుపుకుని బయలుదేరవచ్చు. పులిహోర ఎండకు త్వరగా పాడవదు, చల్లారినా తినబుద్ధవుతుంది, ఉప్పూ పులుపూ రెండూ ఒంటికి అందుతాయి. కొండ మీద శాండ్‌విచ్ తినే అలవాటు నాకు ఎన్నేళ్లున్నా రాలేదు. మేం ఇంటి నుంచే పులిహోర తెచ్చుకున్నాం, ఊళ్లో కో-ఆప్ దుకాణంలో పెరుగు కొని మజ్జిగ చేసి సీసాల్లో పోసుకున్నాం.

జూలైలో ఇక్కడ ఐదుకు ముందే తెల్లవారుతుంది, రాత్రి తొమ్మిదిన్నర దాటాక గాని పొద్దు గూకదు. అంటే ఎండకు పనివేళలు ఎక్కువ. ఆరుకు ముందే బయలుదేరాం. నూక్ లేన్ మీదుగా లో స్వీడన్ బ్రిడ్జి దాటితే దారి పొలాల్లోంచి పైకి లేస్తుంది. ఆ వంతెన కింద పారే స్కాండేల్ వాగే ఆఖరి నీళ్లు. పైన గొర్రెలు మేస్తాయి కాబట్టి వడపోత లేకుండా అవి కూడా తాగకూడదు. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లాం. బరువే, కానీ ప్రతి గంటకూ తగ్గే బరువు.

ఏ వైపు నుంచి తిరగాలన్నది ఇక్కడి నడకరుల మధ్య ఎప్పుడూ తెగని వాదన. నాబ్ స్కార్ వైపు నుంచి మొదలుపెడితే నిటారు ఎక్కుడంతా చల్లని పూటే అయిపోతుంది. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు అదే మంచిది, ఎందుకంటే ఆ రాతి మెట్లు దిగేటప్పుడే ఎక్కువ బాధిస్తాయి. మేం మాత్రం లో పైక్ వైపు నుంచే ఎక్కాం. లో పైక్ కన్నా ముందు ఒక చిన్న రాతి గుండు అడ్డొస్తుంది, చేతులు కూడా వాడి పైకి లేవాలి. మా ఆవిడ చూసీచూడకుండా ఎక్కేసింది. దాన్నే చివర్లో అలసిన కాళ్లతో దిగవలసి వస్తే ఎవరికైనా ఇబ్బందే.

508 మీటర్ల లో పైక్ నుంచి వెనక్కి చూస్తే విండర్‌మియర్ సరస్సు కనిపిస్తుంది. ఇంగ్లండులో అన్నిటికన్నా పొడవైన సరస్సు, దాని పొడవూ మన నడకంతే, 17 కిలోమీటర్లు. అక్కడి నుంచి హై పైక్, డవ్ క్రాగ్ దాకా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడ వెన్ను పొడవునా తోడొస్తుంది. దారి తప్పే ప్రశ్నే లేదు. పొద్దున పూట గోడకు పడమటి పక్కన కాస్త నీడ కూడా పడుతుంది. గొర్రెలకు ఆ సంగతి మనకన్నా ముందే తెలుసు. గోడను ఆనుకుని బారుగా పడుకుని ఉంటాయి, లేపితే లేవవు. డవ్ క్రాగ్ దాటాక ఆ గోడా తోడు వదిలేస్తుంది. హార్ట్ క్రాగ్ అంతా రాళ్ల మయం. అక్కడి నుంచి వెన్ను మీద చాలాదూరం చెట్టు లేదు, గోడ లేదు, గొడుగు పట్టుకుంటే గాలి ఊరుకోదు.

అన్నయ్య ఎండ లెక్క మారింది కూడా హార్ట్ క్రాగ్ దగ్గరే. గుంటూరులో వేడి చెమట రూపంలో కనిపిస్తుంది. చొక్కా తడుస్తుంది, దాహం గుర్తొస్తుంది, నీడకు చేరతాం. ఈ వెన్ను మీద ఎత్తు వల్ల కింద లోయకన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ, పైగా ఆగని గాలి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. "చెమటే లేదు, నీళ్లెందుకురా?" అంటూ పొద్దుటి నుంచి సీసా మూత తియ్యని మనిషి పదిన్నరకు తలనొప్పి అన్నాడు. మెడ, చెవులు కమిలిపోయాయి. ఓఆర్ఎస్ పొట్లం కలిపి, మజ్జిగ తాగించి, తలకు కండువా కట్టి అరగంట కూర్చోబెట్టాం. నీళ్లు దాహాన్ని బట్టి కాదు, గడియారాన్ని బట్టి తాగాలి అన్నది మా ఆవిడ నిబంధన. తర్వాత అన్నయ్య దానికి ఎదురుచెప్పలేదు.

873 మీటర్ల ఫెయిర్‌ఫీల్డ్ శిఖరం చూసి కొందరు నిరాశపడతారు. మొనదేలిన శిఖరం కాదు, రాళ్లూ గడ్డీ కలిసిన వెడల్పాటి బయలు. అక్కడక్కడా రాళ్ల కుప్పలు, గాలి తగలకుండా పేర్చిన చిన్న దడులు. మబ్బు కమ్మితే ఈ కుప్పలే మనిషిని తికమక పెడతాయి, ఉత్తరాన డీప్‌డేల్ వైపు నిలువు కొండచరియలున్నాయి కాబట్టి అది చిన్న విషయం కాదు. మాకు ఆకాశం తేటగా ఉంది. ఉత్తరాన హెల్వెలిన్, కోఫా పైక్ మీదుగా సెయింట్ సండే క్రాగ్‌కు పోయే సన్నని గట్టు, ఎదురుగా స్కాఫెల్ కొండలు. దృశ్యం కోసమే వచ్చేవాళ్లు ఉత్తరపు అంచు దాకా నడిచి చూడాలి, మధ్యలో కూర్చుంటే బయలే కనిపిస్తుంది. మేం దడి పక్కన పులిహోర తిన్నాం.

గ్రేట్ రిగ్ దాకా దిగుడు హాయిగా ఉంటుంది. నీళ్లు అయిపోయినవాళ్లు, ఒళ్లు బాగాలేనివాళ్లు అక్కడి నుంచి కుడివైపు స్టోన్ ఆర్థర్ మీదుగా గ్రాస్‌మియర్‌లోకి దిగి బస్సెక్కవచ్చు. ఈ దారిని పటంలో ముందే గుర్తుపెట్టుకోవాలి. అన్నయ్యను అడిగితే తేరుకున్నానన్నాడు, హెరాన్ పైక్ వైపే సాగాం. కింద గ్రాస్‌మియర్, రైడల్ సరస్సులు, దూరాన కోనిస్టన్ సరస్సు. చుట్టు మొత్తంలో నాకు నచ్చిన భాగం ఇదే. ఆ తర్వాత నాబ్ స్కార్ దిగుడు చుట్టు మొత్తంలో నచ్చనిది. ఎండకు కాగిన రాతి మెట్లు, ఇరువైపులా నడుమెత్తు ఫెర్న్ పొదలు. ఆ పొదల్లో పిడుదులుంటాయి, కొన్నిటి వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. దిగాక పిక్కలు, మోకాళ్ల వెనక చూసుకోవాలి.

దారి సరిగ్గా వర్డ్స్‌వర్త్ 1813 నుంచి 1850లో పోయేదాకా ఉన్న రైడల్ మౌంట్ ఇంటి పక్కన తేలుతుంది. ఎదురుగా రైడల్ హాల్ ఆవరణలో టీ కొట్టు. ఇక్కడ ఇలాంటి కొట్లు సాయంత్రం పెందలాడే మూసేస్తారు, తొందరగా బయలుదేరడానికి అదీ ఒక కారణం. టీ సంగతి అలా ఉంచితే, అడగ్గానే సీసాల నిండా కుళాయి నీళ్లు పట్టి ఇచ్చారు. దగ్గర్లోనే 17వ శతాబ్దంలో జలపాతం చూడటానికని కట్టిన చిన్న రాతి గది ఉంది, కిటికీలోంచి జలపాతం చట్రం కట్టినట్టు కనిపిస్తుంది. ఆ ఏడాది మే నెలలోనే ఈ ప్రాంతానికి కరవు ప్రకటించారు, అందుకే జలపాతం సన్నని ధారగా మిగిలింది. అయినా ఆ గదిలోని చల్లదనం కోసమే వెళ్లవచ్చు.

ఎవరికైనా పైన ప్రాణం మీదికొస్తే 999కి ఫోను చేసి, పోలీసుకు కలపమని, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే దళం) కావాలనాలి. వచ్చేవాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులు, బిల్లు వేయరు. అలాగని ఫోను మీద భారం వేసి ఎక్కకూడదు, లోయల్లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. సాయంత్రం సరస్సులో దిగి చల్లబడదామనుకునేవాళ్లు ఒడ్డున బోర్డులు చదవాలి. వేడి వేసవుల్లో విండర్‌మియర్‌లో విషపు నాచు పడుతుంది.

రాత్రి భోజనానికి శాకాహారులకు ఆంబుల్‌సైడ్‌లో జెఫిరెల్లీస్ ఉంది. మాంసం వండని ఇటాలియన్ భోజనశాల, దానికే అనుబంధంగా సినిమా హాలు. ముందుగా బల్ల చెప్పి ఉంచుకోవాలి.

రైడల్ నుంచి ఆంబుల్‌సైడ్‌కు తోటల్లోంచి రెండున్నర కిలోమీటర్ల దారి, మొత్తం చుట్టులో నిజమైన చెట్ల నీడ అక్కడే. నేనూ మా ఆవిడా నడిచాం. అన్నయ్య మాత్రం రైడల్ చర్చి దగ్గర పైకప్పు లేని 599 బస్సు ఎక్కాడు. మేం చేరేసరికి ఊళ్లో దుకాణాల వెంట తిరుగుతూ, రాత్రికి టేబుల్ ఫ్యాను ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటున్నాడు.