పాత కార్ల ప్రకటనల్లో ఆరేళ్లు: నంబరు ప్లేటు దాచకండి

అమ్మకానికి పెట్టిన కారు ఫొటోలో నంబరు ప్లేటుకు అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లను చూస్తే నాకు ఆరేళ్లయినా ఒళ్లు మంట తగ్గలేదు. నెదర్లాండ్స్‌లో ఆ నంబరు దాచి కారు అమ్మడమంటే, పెళ్లిచూపులకు పిలిచి అబ్బాయి ఊరూ పేరూ చెప్పకపోవడమే.

ఇక్కడ 1951 నుంచి నంబరు కారుది, మనిషిది కాదు. ఎన్ని చేతులు మారినా, తుక్కు కింద పోయేదాకా అదే నంబరు. మన ఆర్టీఓ లాంటి ఆర్‌డీడబ్ల్యూ సైటులో దాన్ని కొడితే కారు మొదట రోడ్డెక్కిన తేదీ, ఇప్పటి యజమాని పేరు మీదికి మారిన తేదీ, ఏపీకే అనే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో అన్నీ వచ్చేస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు. యజమాని పేరు మాత్రం రాదు. ప్లేటుకు నకలు కొట్టిస్తారని కొందరి భయం, అది నేను కాదనను. అలాంటప్పుడు అడిగినవాళ్లకు మెసేజ్‌లోనైనా చెప్పొచ్చు కదా!

పిల్లలు పడుకున్నాక అరగంట పాత కార్ల ప్రకటనలు తిరగేయడమే నాకు పని. ముందువైపు మొత్తం తలుపై తెరుచుకునే బీఎండబ్ల్యూ ఇసెట్టా, వెనకద్దం లోపలికి వాలి ఉండే సిట్రోయెన్ అమీ 6, స్టీరింగు పక్కనే గేరు ఉండే సాబ్ 96. ఆ సాబ్ కనిపించినప్పుడల్లా గుంటూరులో మా తాతయ్య ప్రీమియర్ పద్మిని గుర్తొస్తుంది, దానికీ గేరు అక్కడే. ఒకసారి ఒక సాబ్ ప్రకటనలో ‘40 ఏళ్లుగా ఒకే ఇంటి బండి’ అని రాశారు. నంబరు కొడితే పేరు మారి ఐదు వారాలే. రానుపోను రైలు ఖర్చు, ఒక శనివారం మిగిలాయి. అప్పటినుంచి ప్లేటే నాకు పంచాంగం. నీలం ప్లేటు మీద తెల్ల అక్షరాలంటే 1978కి ముందు బండి. అక్షరాలు ముందుంటే 1965 లోపుది, చివరికి వెళ్తే 1973 లోపుది. ఏఈ, డీఈ లాంటి అక్షరాలతో మొదలైతే మాత్రం బయటి దేశం నుంచి తర్వాత తెచ్చిన పాతబండి.

నా చూపు చివరికి డాఫ్ అనే ఇక్కడి కంపెనీ కార్ల మీద ఆగడానికి కారణం మేముండే ఊరు. డాఫ్ పుట్టిల్లు ఐండ్‌హోవెన్, మ్యూజియం కూడా ఇక్కడే. డాఫ్ స్థాపకుడు హబ్ వాన్ డోర్న్ తయారుచేసిన వేరియోమాటిక్ అనే బెల్టుల ఏర్పాటుతో వచ్చిన మొదటి కారును, డాఫ్ 600ను, 1958లో జనానికి చూపించారు. మార్చుకోవాల్సిన గేర్లు లేవు. ఒక్కో వెనక చక్రానికి ఒక్కో రబ్బరు బెల్టు, వేగాన్ని బట్టి పుల్లీలు దగ్గరికీ దూరానికీ జరుగుతుంటాయి. యాక్టివా బెల్టు మార్పించుకున్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. నేను డిగ్రీ చదివేటప్పుడు నడిపిన కైనెటిక్ హోండాలో ఉన్నదీ ఈ సూత్రమే. దిశ మార్చడమే తప్ప రివర్సుకు విడిగా చిన్న గేరు లేదు కాబట్టి డాఫ్ ముందుకెంత వేగంగా పోగలదో వెనక్కీ అంతే పోగలదు. ఆ గుణం కోసమే ఇక్కడి టీవీలో రివర్సు పందేలు కూడా పెట్టారు. మా చిన్నాడు ఆ వీడియోలు పదేపదే పెట్టించుకుంటాడు.

2022లో డాఫ్ 44 ఒకటి కనిపించింది. 1971 బండి, 3,800 యూరోలు, ‘నాన్న కొత్తగా కొన్నది’ అని రాసుంది. ప్లేటు స్పష్టంగా ఉంది. కొట్టి చూస్తే పేరు మారి 19 రోజులే. మళ్లీ అదే కథ అనుకుని, మీరు చెప్పేదానికీ రికార్డుకీ పొంతన లేదని కాస్త కటువుగానే రాశాను. రాత్రికి జవాబొచ్చింది: “మీరు చూసిన తేదీ సరైనదే. నాన్న పోయి రెండు నెలలైంది. బండి నా పేరు మీదికి ఇప్పుడే వచ్చింది.” అది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తర్వాత క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు, వచ్చి చూడమన్నారు.

డెవెంటర్ దగ్గర చిన్న పల్లె. బండి అడుగున తుప్పు లేదు, ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. డబ్బిచ్చి, పెద్ద హైవేలు ఎక్కకుండా బయల్దేరాను. నైమేఖెన్ దాటి, ఖ్రావె దగ్గర మాస్ నది వంతెన దిగుతుండగా కింద ఫట్‌మని శబ్దం. ఆ వెంటనే ఎవరో చెప్పుతో నేలను కొడుతున్నట్టు టపటపా. పక్కకు ఆపి వంగి చూస్తే కుడివైపు బెల్టు పీలికలై వేలాడుతోంది.

ఆయనకే ఫోన్ చేశాను.

“ముక్కలు ఎక్కడా చుట్టుకోలేదు కదా?”

“లేదండీ, లాగేశాను.”

“రెండోది ఉందా?”

“పగుళ్లున్నాయి కానీ ఉంది.”

“అయితే 50 దాటకుండా పోండి. మా నాన్న ఒకసారి సెలవుల నుంచి అలాగే ఇంటికొచ్చారు.”

నాకు నమ్మకం కలగలేదు. కానీ చక్రానికో బెల్టు అన్న ఏర్పాటు అప్పుడు అక్కరకొచ్చింది. ఒకటి తెగినా రెండోది దాని చక్రాన్ని లాగుతూనే ఉంది. ఊడెన్, వేఖెల్ మీదుగా దాదాపు 50 కిలోమీటర్లు, ఒక్క బెల్టు మీద, వెనక వచ్చేవాళ్లకు దారిస్తూ వచ్చాను. ఇంటిముందు ఆపాక స్టీరింగు మీద చెయ్యి తీయబుద్ధి కాలేదు. మా ఆయన బయటికొచ్చి “ఏమైంది?” అంటే, “ఒక్క బెల్టుతో వచ్చింది” అని మూడుసార్లు చెప్పానట.

వారానికి ఆయన దగ్గర్నుంచి ఒక కవరొచ్చింది. సొరుగులో దొరికిందట, వాళ్ల నాన్న నోటుపుస్తకం. పోయించిన పెట్రోలు, మార్చిన ప్లగ్గులు, అన్నీ తేదీలతో ఉన్నాయి. బెల్టులు చివరిసారి మార్చింది 1996లో. 26 ఏళ్ల రబ్బరు!

అది ఏ ప్లేటూ చెప్పదు. పైగా ఇక్కడ 50 ఏళ్లు దాటిన కార్లకు ఏపీకే తప్పనిసరి కాదు, అంటే నాకు అన్నిటికంటే కావలసిన గడి సరిగ్గా ఈ బండ్ల దగ్గరే ఖాళీగా ఉండొచ్చు. పేరు మారిన తేదీ కూడా, చూశారుగా, ఎందుకు మారిందో చెప్పదు. ప్రకటనలో పెట్టిన 16 ఫొటోల్లో కారు కింద తీసినది ఒక్కటీ లేదు, అడగాలని నాకూ తోచలేదు. ఆ మనిషి దాచలేదు, ఆయనకూ తెలియదు. ఇప్పుడు ఏ డాఫ్ ప్రకటన నచ్చినా నంబరుతోపాటు రెండు బెల్టుల ఫొటో అడుగుతున్నాను. సగంమంది పంపుతారు. బెల్టులు జతగానే మార్చాలి కాబట్టి ఒక్కటి కొత్తదని చెప్పేవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేస్తాను.

ఇలా వెతుక్కోవడం అందరికీ పనికొస్తుందని మాత్రం అనలేను. నేను ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తాను, డాఫ్ నెల్లాళ్లు కదలకపోయినా మాకు ఇబ్బంది లేదు. బెల్టులు ఎక్కించడం తెలిసిన పెద్దాయన ఒకరు పక్కవీధిలోనే ఉన్నారు. 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు. ఇవేవీ లేకుండా, ఇంటికి ఒకటే కారు పెట్టుకుని రోజూ పిల్లల్ని స్కూల్లో దించాల్సినవాళ్లకు నేను సలహా చెప్పను. జర్మనీలో ఉన్న మా చెల్లెలు తనకూ అమీ 6 ఒకటి చూడమంటోంది. అక్కడ నంబరు కొట్టి ఇలా చూసుకునే వీలు లేదు కాబట్టి, ఫొటోలు చూసి బాగుందని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.