ముప్పై అడుగుల సెయిల్‌బోటులో పడకలు, సామాన్లు: కొన్నేళ్ళు వాడాక నా మాట

మాది 1980లలో తయారైన ముప్పై అడుగుల ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోటు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమెరికా తూర్పు తీరంలోని చెసాపీక్ బే అనే అఖాతంలో, మేరీల్యాండ్ వైపు ఒక మరీనాలో (బోట్లు కట్టేసే రేవులో) ఉంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వీలైన వారాంతాలన్నీ దాంట్లోనే గడుపుతాం. బోటుతోపాటు వచ్చిన పాత కరపత్రంలో 'ఏడుగురు పడుకోవచ్చు' అని ఉంది. పడుకోవచ్చు, ఆ ఏడుగురూ బట్టలూ బియ్యమూ తెచ్చుకోకుండా ఉంటే. నా లెక్కలో ముగ్గురికి హాయి, మొహమాటానికి పోతే నలుగురు.

చిక్కు ఎక్కడంటే, బోటులో ప్రతి పరుపు కిందా ఒక లాకర్ ఉంటుంది. పడకా, కొట్టుగదీ ఒకే చోటన్నమాట. పగలు సామాన్లు తీసి పరుపు మీద పెడతాం, రాత్రి వాటిని ఎత్తి ఇంకో పరుపు మీదికి చేరుస్తాం. ఈ తిప్పట మానాలంటే ఏ బెర్త్ మనుషులకో, ఏది సామాన్లకో ఒకసారి తేల్చేసుకుని దానికే కట్టుబడాలి. మేం చేసిన మార్పుల్లో పైసా ఖర్చు లేనిది ఇదే, ఎక్కువ ఉపయోగపడిందీ ఇదే.

మొదట వేటు పడింది క్వార్టర్ బెర్త్ మీద. కాక్‌పిట్, అంటే బోటు నడిపేవాళ్ళు కూర్చునే చోటు, దాని కిందికి దూరిపోయే సొరంగం అది. పక్కనే ఇంజను. జూలైలో అక్కడ పడుకున్నవాడు తెల్లారేసరికి ఆవిరి కుడుమైపోతాడు. ఇప్పుడది మా గోడౌన్. విడి తెరచాపలు, టూల్స్, మడత కుర్చీలు అన్నీ అందులోనే. లోతైన బొరియ కాబట్టి చివరన పెట్టింది ఎప్పటికీ బయటికి రాదు. అందుకే ప్రతి డబ్బాకీ తాడు కట్టి, ఆ కొస గుమ్మం దాకా తెచ్చి ఉంచాను. లాగితే వస్తుంది. ముందు ఒక వల బిగించాం, బోటు ఒరిగినప్పుడు అన్నీ మీద పడకుండా.

టేబుల్‌ని కిందికి దించి డబుల్ బెడ్ చేసే ఏర్పాటు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వాడకంలో మాత్రం అది రైల్లో మిడిల్ బెర్త్ లాంటిది: వేస్తే ఎవరూ కూర్చోలేరు, తీస్తే ఎవరూ పడుకోలేరు. పైగా నాలుగు కుషన్ల మధ్య సందులు నడుముకి తెలుస్తూనే ఉంటాయి. చుట్టాలొస్తే తప్ప దాని జోలికి పోవడం లేదు.

బోటు ముక్కు వైపున్న వీ-బెర్త్ (ఇంగ్లీషు V ఆకారంలో ఉండే పడక) నాకూ మా ఆవిడకీ. తల దగ్గర విశాలం, కాళ్ళ దగ్గర ఇరుకు. మధ్య ఖాళీలో ప్లైవుడ్ పలకా దాని మీద పరుపు ముక్కా శాశ్వతంగా ఉంచేశాం. పాత ఫోమ్ తీసేసి ఐదంగుళాల గట్టి ఫోమ్ కోయించాం. మెమరీ ఫోమ్ వద్దనే చెప్తాను, చలిలో చెక్కలా బిగుసుకుంటుంది. అసలు శత్రువు మాత్రం తడి. అక్టోబర్ రాత్రుల్లో ఒంటి చెమ్మ ఫోమ్‌లోంచి దిగి కింది చల్లని పలక మీద నీళ్ళవుతుంది, పట్టించుకోకపోతే బూజు. పలకకి రెండంగుళాల రంధ్రాలు వరసగా వేసి, పరుపు కింద గాలాడే ప్లాస్టిక్ జాలీ చాప పరిచాను. అప్పట్నుంచీ పరుపు అడుగున చెయ్యి పెడితే పొడిగానే తగులుతోంది. ఇంకే ఖర్చు పెట్టకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం పెట్టండి.

అయితే బోటు కదులుతూ ఉంటే, అందులోనూ గాలికి ఎదురెళ్తుంటే, వీ-బెర్త్‌లో నిద్ర కల్ల. ముక్కు ఎగిరి పడుతూ ఉంటుంది. రాత్రి ప్రయాణాల్లో పడుకోవాల్సింది మధ్యలో ఉన్న సెటీ (సోఫాలాంటి పొడుగు బల్ల) మీద, లీ క్లాత్ కట్టుకుని. లీ క్లాత్ అంటే పరుపు అంచున నిలబడే గుడ్డ గోడ. కింది అంచుని చెక్కపట్టీతో బెర్త్ పలకకి స్క్రూ చేస్తారు, పై కొసల్ని తాళ్ళతో చేతిపట్టు కమ్మీకి కడతారు. మాది పరుపు మీద ఒకటిన్నర అడుగు లేస్తుంది. జాలీ గుడ్డతో కుట్టించుకున్నాం, గాలాడుతుంది. తల వైపు కొంచెం ఖాళీ ఉండాలి. లోపల పడుకున్నవాళ్ళు ఒంటిచేత్తో విప్పుకోగలిగే ముడే వెయ్యాలి. వాడనప్పుడు మడిచి కుషన్ కిందికి తోసేస్తే సరి.

కిందటి వేసవిలో మా నాన్న కాకినాడ నుంచి వచ్చి మాతోపాటు కొన్నాళ్ళు బోటులో ఉన్నారు. మోకాళ్ళ వల్ల వీ-బెర్త్ ఎక్కలేరు కాబట్టి సెటీ ఆయనది. మధ్యాహ్నం కునుకు పట్టగానే మా ఆవిడ గొంతు: "మావయ్యగారూ, ఏమనుకోకండి, కాస్త లేస్తారా? కందిపప్పు మీ కింద ఉంది." ఆయన లేచి నిలబడ్డారు, కుషన్ ఎత్తాం, పలక తీశాం, పప్పు తీశాం. పది నిమిషాలకి చింతపండు కోసం మళ్ళీ. మూడోసారి ఆయనే దిండు చంకన పెట్టుకుని, "ఇంకేమన్నా కావాలామ్మా, ఒకేసారి తీసేసుకో" అన్నారు.

ఆ చలికాలం బోటు ఒడ్డెక్కగానే సెటీ ముందు పలకకి రెండు చిన్న తలుపులు కోశాను. ఈ పని చేసేవాళ్ళకి రెండు మాటలు. వెనక నీళ్ళ ట్యాంకు గానీ వైర్లు గానీ ఉన్నాయేమో చూడకుండా రంపం ముట్టుకోవద్దు. ఆ పలక హల్‌కి, అంటే బోటు ఒంటికి, బలాన్నిచ్చేది కూడా కావచ్చు, కాబట్టి చుట్టూ వెడల్పుగా అంచు వదిలి, మూలలు గుండ్రంగా కోయాలి. చదరపు మూల దగ్గరే పగులు మొదలవుతుంది. తిప్పితే బిగిసే గడియలు పెట్టండి. అయస్కాంతపు పట్టు బోటు ఒరిగితే ఆగదు, దిక్సూచికీ మంచిది కాదు. ఆ మాటకొస్తే టిన్ను డబ్బాల్నీ ఆటోపైలట్ దిక్సూచికి దూరంగానే సర్దాలి.

బరువైనవన్నీ కిందా, మధ్యలోనూ. ముక్కులో యాంకర్ గొలుసు ఎటూ ఉండనే ఉంది: 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి సుమారు 1.4 కిలోలు, 40 మీటర్లంటే 56 కిలోలు. దాని పక్కన బియ్యం బస్తా కూడా పెడితే బోటు ప్రతి అలకీ ముక్కు ముంచుతుంది. బియ్యం, పప్పులు మరమూత ఉన్న చదరపు డబ్బాల్లోకి మారుస్తాం. గుండ్రటివైతే మధ్యలో చోటు వృథా. అట్టపెట్టెలు మాత్రం డాక్ మీదే వదిలేస్తాం, మడతల్లో బొద్దింక గుడ్లు రావచ్చు. సూట్‌కేసులకి ప్రవేశం లేదు, గుడ్డ సంచులే.

కూరగాయలకి వేలాడే వలలు కొన్నాం. లంగరేసినప్పుడు భేష్. గాలి పెరిగితే మాత్రం ఊగి ఊగి చెక్కకి కొట్టుకుని టమాటాలు పచ్చడవుతాయి. రెండు కొసలూ బిగించి, మధ్యలో ఒక ఎలాస్టిక్ తాడుతో వెనక్కి లాగి కడితే కొంత నయం. ఉల్లిపాయలకి బాగుంది, అరటిపళ్ళకి అయిదుకి రెండు మార్కులు.

తేలనిది ఒక్కటే, తడి రెయిన్‌కోట్లు. హీటర్ లేదు, గాలాడే అలమరా లేదు. ప్రస్తుతానికి బాత్రూంలో వేలాడుతున్నాయి. స్నానం చెయ్యాలంటే ముందు వాటిని బయటపెట్టాలి. ఎవరికైనా ఇంతకన్నా మంచి చోటు దొరికితే చెప్పండి.