అద్దె క్లౌడా, సొంత సర్వరా: ఫైళ్లు దాచుకోవడానికి ఏది మేలు?

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని డ్రైవ్, జీమెయిల్, ఫొటోలు మూడూ పంచుకోవాలి. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. డ్రాప్‌బాక్స్ ఉచితంగా ఇచ్చేది 2 జీబీయే. స్టోరేజ్ నిండిందని మెసేజ్ రాగానే మొదలవుతుంది ఆలోచన: నెలనెలా డబ్బు కట్టాలా, సొంత కంప్యూటర్‌నే సర్వర్‌గా చేసి నెక్స్ట్‌క్లౌడ్ లాంటి స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ మనమే పెట్టుకోవాలా?

చాలామంది ఖర్చు లెక్కేసి ఊరుకుంటారు. నేను అడిగేది వేరు: డిస్కు పోయిన రోజు ఫైళ్లు వెనక్కి తెచ్చేది ఎవరు?

ఒక రాత్రి నా సొంత సర్వర్‌లో డిస్కు టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలైంది. తెల్లారేసరికి ఒక్క ఫోల్డరూ తెరుచుకోలేదు. రెండో డిస్కులో మిర్రర్ (ప్రతి మార్పునీ వెంటనే రాసుకునే నకలు) ఉంది కాబట్టి ఫైళ్లు దక్కాయి. కానీ అంతకు కొన్నాళ్ల ముందు పొరపాటున చెరిపేసిన ఒక ఫోల్డర్ మాత్రం అందులోనూ లేదు. ఇక్కడ చెరిపితే మిర్రర్‌లోనూ చెరిగిపోతుంది. రెయిడ్ (ఇలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) ఉంది కదా అని బ్యాకప్ మానేయకూడదని ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

అద్దె క్లౌడ్‌లో ఈ టెన్షన్ తక్కువ. గూగుల్ డ్రైవ్‌లో చెరిపిన ఫైలు 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, డిస్కు పాడైతే మనకు తెలియను కూడా తెలియదు. కాకపోతే అకౌంట్ లాక్ అయితే అన్నీ ఒకేసారి చేజారతాయి. పైగా చాలా సర్వీసుల్లో ఫైళ్లను ఇతరులు చదవలేకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. రహస్యంగా ఉండాల్సినవి క్రిప్టోమేటర్ అనే ఎన్‌క్రిప్షన్ యాప్‌తో ముందే తాళం వేసి ఎక్కించడం నయం.

నెక్స్ట్‌క్లౌడ్ 2016లో ఓన్‌క్లౌడ్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచే విడిపోయి వచ్చింది. ఫైళ్లతో పాటు క్యాలెండర్, కాంటాక్టులూ చూసుకుంటుంది. అప్‌డేట్ల విషయంలో మాత్రం బద్ధకిస్తే కుదరదు. పెద్ద వెర్షన్లను ఒక్కొక్కటిగా ఎక్కాలి, మధ్యలోది దాటేయడానికి వీల్లేదు. ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టి పట్టించుకోని సర్వర్ కంటే అద్దె క్లౌడే క్షేమం. రెండు మూడు పరికరాల మధ్య ఫైళ్లు ఒకేలా ఉంటే చాలనుకుంటే సింక్‌థింగ్ అనే యాప్ సరిపోతుంది, దానికి సర్వరే అక్కర్లేదు.

నెలకు ఒక పూట దీనికి కేటాయించలేనివాళ్లు డబ్బు కట్టడమే మంచిది. టెరాబైట్ల కొద్దీ వీడియోలు, నేర్చుకునే ఓపిక రెండూ ఉన్నవాళ్లకు సొంత సర్వరే నా ఓటు. అయితే ఇంకోచోట మరో కాపీ ఉండి తీరాలి. ఆ కాపీ నుంచి ఒక ఫోల్డర్‌ని ఖాళీ డిస్కులోకి తెచ్చి, ఫొటోలు తెరిచి చూడండి. అన్నీ తెరుచుకున్నాకే పాత సబ్‌స్క్రిప్షన్ ఆపండి.