పాత ఎయిర్‌స్ట్రీమ్ రేకు: అద్దంలా మెరిపించాలా, పూత వేయించాలా, అలాగే వదిలేయాలా?

అమెరికాలో పాత ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే అల్యూమినియం రేకు ఇల్లు, కొన్నవాళ్ల చేతులు ముందు పాలిష్ డబ్బా మీదికే వెళ్తాయి. వాలీ బయమ్ 1930లలో మొదలుపెట్టిన ఈ బండికి ఆ వెండి మెరుపే గుర్తింపు మరి. అయితే మసకబారింది లోహమా, దాని మీది పూతా అన్నది ముందు తేల్చుకోవాలి. 1960ల మధ్య నుంచి చాలా బండ్లు ఫ్యాక్టరీలోనే పారదర్శకమైన పూత వేసుకుని వచ్చాయి. ఓ మూల కాస్త పాలిష్ రాసి రుద్దండి. సత్తు గిన్నె తోమినప్పటిలా గుడ్డ నల్లబడితే లోహం తగిలినట్టే. నల్లబడలేదంటే పూత ఇంకా ఉంది, దాన్ని తీసేదాకా ఎంత రుద్దినా దండగ. తీయడానికి కాస్టిక్ సోడా ఉన్న స్ట్రిప్పర్ జోలికి పోవద్దు, అది రేకునే తినేస్తుంది.

అద్దం మెరుపు కావాలంటే రెండు మెషీన్ల పని. ఏళ్లనాటి ఆక్సైడ్‌ను లేపేది రోటరీ పాలిషర్, ఉన్ని ప్యాడ్, ముతక కాంపౌండ్ (రేకును అరగదీసి మెరిపించే ముద్ద). కానీ ఎండలో చూస్తే రేకు నిండా సుడిగీతలే. సైక్లో అనే రెండు తలల పాలిషర్ మెత్తటి గుడ్డతో, సన్న కాంపౌండ్‌తో వాటిని పోగొడుతుంది. పాత ఆక్సైడ్ దగ్గర మాత్రం దాని ఆటలు సాగవు. ఒక్కదానికే డబ్బుంటే రోటరీయే కొనండి. పది అడుగుల దూరం నుంచి సుడులెవరు చూడొచ్చారు?

ముతక కాంపౌండ్ మాత్రం ఒక్కసారే. పాత బండ్లలో ఎక్కువగా వాడిన ఆల్‌క్లాడ్ రేకు మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు. పైనున్న శుద్ధ అల్యూమినియం పొర అందులో 5 శాతమే. దాని కిందిది రాగి కలిసిన మిశ్రమలోహం, తేలిగ్గా తుప్పు పడుతుంది. ఏటేటా ముతకతో రుద్దితే కాపాడే పొరే అరిగిపోతుంది.

మెరిపించాక పూత వేయిస్తే మళ్లీ మళ్లీ రుద్దే బాధ తప్పుతుందంటారు. కొన్నాళ్లు నిజమే. తర్వాత రివెట్ల దగ్గర, రేకు అంచుల దగ్గర తేమ చేరి, పూత కింద సాలీడు దారాల్లా తుప్పు పాకుతుంది. బాగుచేయాలంటే పూతంతా లేపాల్సిందే. పూత లేని రేకు మసకబారితే సన్న కాంపౌండ్‌తో మళ్లీ మెరుస్తుంది. అందుకే అరిజోనాలాంటి పొడి చోట్ల నా ఓటు పూత లేని రేకుకే. ఉప్పుగాలి తగిలే సముద్రతీరంలో ఉంటే పూతే నయం.

బండి ఏడాదంతా ఆరుబయటే ఉంటుందా? కడిగి వదిలేయండి. ఆ బూడిదరంగు ఆక్సైడ్ కూడా రేకును కాపాడేదే. ఆ ఓపికేదో కారుతున్న అతుకులు మూయడానికి పెట్టండి. నీళ్లు దిగితే కుళ్లేది ప్లైవుడ్ నేల.